శరీరంలో ఫ్లోరిన్ ఉండదట

మా ల్యాబు చూడటానికి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే మా పెద్దసారు ఒకే మాటతో మొదలుపెడతారు. "శరీరంలో ఫ్లోరిన్ ఉండదు. అదే మన అదృష్టం." వచ్చినవాళ్ళు అర్థమైనట్టు తల ఊపుతారు. నేను ఆ పక్కనే గొర్రె మూతికి మాస్కు సరిచేస్తూ ఉంటాను. చేరిన కొత్తలో ఆ మాట వింటే నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండటం మొదలైంది.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మా పని గొర్రెల్లో, కుందేళ్ళలో మెదడుకు రక్తం ఎంత వేగంగా పోతోందో కొలవడం. దానికి ఫ్లోరిన్ ఉన్న ఒక జడవాయువు వాడతాం. అది ఒంట్లో దేన్నీ మార్చదు, తానూ మారదు. ఊపిరితో లోపలికి పోయి, రక్తంలో కరిగి, మెదడు దాకా చేరి, మళ్ళీ ఊపిరితోనే బయటికి వచ్చేస్తుంది. మత్తిచ్చిన జంతువును పెద్ద అయస్కాంతం లోపల పడుకోబెట్టి, కాసేపు ఆ వాయువు పీల్పించి, ఆపేస్తాం. మెదడులో చేరిన వాయువు ఎంత త్వరగా ఖాళీ అవుతుందో యంత్రం చూపిస్తుంది. సాంబ్రాణి వేసిన గదిలో కిటికీ తెరిచి, పొగ ఎంతసేపట్లో పోయిందో చూసి, బయట గాలి ఎంత వీస్తోందో చెప్పడం లాంటిది. త్వరగా ఖాళీ అయితే రక్తం బాగా పారుతున్నట్టు. ఆలస్యమైతే ఎక్కడో అడ్డం ఉన్నట్టు. ఒంట్లో ముందే ఫ్లోరిన్ ఉంటే ఏది వాయువుదో ఏది ఒంటిదో తేల్చలేం. లేదు కాబట్టి తేల్చగలం. అదీ ఆయన చెప్పే అదృష్టం.

మా ఊరివాళ్ళ ఒంట్లో ఉంటుంది. పొదిలి నుంచి మార్కాపురం పోయే దారిలో దిగి లోపలికి పోవాల్సిన ఊరు మాది. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లలకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తే గోధుమరంగు చారలతో వస్తాయి. నలభై దాటకముందే మోకాళ్ళు వంగవు, నడుము లేవదు, మెడ తిరగదు. అయితే ఎముకలో గట్టిపడిపోయిన ఫ్లోరైడు మా యంత్రానికి కనిపించదు. కనిపించనిదాన్ని లేదనడం మా వృత్తిలో మామూలే.

నేను పశువుల డాక్టరును. ల్యాబులో నా పని జంతువుకు మత్తివ్వడం, గొంతులో గొట్టం దించడం, ఊపిరి, ఒంటి వేడి చూసుకోవడం. లెక్కలు కట్టేవాళ్ళు వేరే ఉంటారు. చిన్నప్పుడే నన్ను గిద్దలూరులో హాస్టల్లో వేశారు. అక్కడి నీళ్ళు వేరు. అందుకే నా పళ్ళు తెల్లగానే ఉన్నాయి. మా అక్క మాత్రం ఊరు దాటలేదు. మేనమామ కొడుకునే చేసుకుంది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్నది ఒక వీధి, రెండిళ్ళకూ ఒకటే బోరు. అక్కా బావా గొర్రెలు మేపుతారు, కాస్త కంది చేను ఉంది.

అక్క నాకంటే ఎక్కువ పెద్దదేం కాదు. పక్కపక్కన నిలబెడితే నన్ను ఆమె కూతురనుకుంటారు. మెడ ముందుకు వంగి అలాగే బిగుసుకుపోయింది. వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేదు, తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరుగుతుంది. అంత వరకైతే ఊళ్ళో అందరిదీ అదే సంగతి. కానీ ఆమెకు కళ్ళు తిరగడం మొదలైంది. గొర్రెలకు కొమ్మ వంచి ఆకు దూయబోతూ పడిపోయేది. చేతివేళ్ళకు స్పర్శ తగ్గింది. మార్కాపురంలో ఎక్స్‌రే తీసిన డాక్టరు ఎముకలు చూపించి, "ఫ్లోరైడమ్మా, నీళ్ళు మార్చండి" అన్నాడు. ఆ వెంటనే నొప్పి మాత్రలు రాశాడు. నీళ్ళు ఎక్కడ రాస్తాడు పాపం.

నేను అక్కను నగరానికి తీసుకుపోయాను. పెద్దాసుపత్రిలో డాక్టరు మంచివాడే. మెడ ఎముక పెరిగి నరాన్నీ, మెదడుకు పోయే రక్తనాళాన్నీ నొక్కుతోందేమో అన్నాడు. ఎక్కడ నొక్కుతోందో తెలిస్తే ఆపరేషన్ చేసి వదులు చేయవచ్చు, తెలియకుండా కత్తి పెట్టలేను, స్కానింగ్ కావాలి అన్నాడు. స్కానింగ్ గదిలో ఆమెను బల్ల మీదికి ఎక్కించారు.

"తల కిందికి ఆనించాలమ్మా," అన్నాడు అక్కడి పిల్లగాడు.

"ఆనదు నాయనా."

"కొంచెం ప్రయత్నించండి."

"ఆనేదయితే ఈడికెందుకొస్తాను?"

దిండ్లు పెట్టారు. తల పైకి లేచింది, అప్పుడు యంత్రం గూటిలో పట్టలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి తీయవచ్చని నేను అన్నాను. అట్లా తీస్తే బొమ్మ సరిగా రాదు, వెనక లైనుంది మేడమ్ అన్నాడు. దింపేశారు.

తిరిగి వస్తూ ఆటోలో అక్క అడిగింది. "మీ గొర్రెలను ఎట్ల పండబెడతారమ్మీ?"

"బోర్లా. కాళ్ళు కడుపు కిందికి మడిచి."

"నన్నూ అట్లనే పండబెట్టరాదా?"

"అందులో మనుషులను పెట్టకూడదక్కా. రూల్సు."

"ఏం రూల్సో ఏమో. గొర్రెపాటి కూడా చెయ్యమా మేము," అంది. అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ కోపంలోనే నేను పెద్దసారు దగ్గరికి పోయి మా అక్క సంగతీ, మా ఊరి గొర్రెల సంగతీ చెప్పాను. మనుషులకైనట్టే జీవాలకూ అవుతుంది. పళ్ళు అరుగుతాయి, కాళ్ళు కుంటుతాయి. ఆ నీళ్ళతో పెరిగిన గొర్రెల మెదడులో రక్తం తక్కువ పారుతోందేమో కొలుద్దాం అన్నాను. ఆయనకు ఆలోచన నచ్చింది. ఆయనకు నచ్చితే ల్యాబంతా ఒకటే హడావుడి. తేడా గనక కనిపిస్తే, ఆసుపత్రివాళ్ళతో కలిసి మనుషుల మీద కూడా చేద్దామన్నారు. కూర్చుని తీయించుకునే రకం స్కానింగ్ యంత్రం ఒకటి ఉంటుందట, దాన్ని తెప్పిద్దామన్నారు. "మొదట మీ అక్కనే కూర్చోబెడదాం," అన్నారు. ఆ మాట ఆయన నోటితోనే అన్నారు. ఆ రోజు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

నేను అక్కకు ఫోన్ చేసి అదంతా చెప్పాను. గొర్రెల్లో తేడా కనపడితే నీ స్కానింగ్ అవుతుంది అన్నాను. ఆమెకు ఏం అర్థమైందో నాకు అప్పుడు తెలియలేదు.

ముందు ముసలి గొర్రెలనే తీసుకుందామనుకున్నాం. పళ్ళు అరిగి, నడవలేక మంద వెనక ఈడ్చుకుంటూ వచ్చేవి బావ దగ్గర చాలా ఉన్నాయి. మాకు కావలసినవి అవే. కానీ జంతువుల కొనుగోలు చూసే కమిటీ ఒప్పుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న జంతువులనే కొనాలట, జబ్బువి పనికిరావట. నీళ్ళు చేసిన జబ్బును చూడటానికి జబ్బు లేని గొర్రెలు కావాలన్నమాట. నేను గొడవపడ్డాను. పెద్దసారు నన్నే కోప్పడ్డారు. చివరికి మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు. పాలు మరిచిన గొర్రెపిల్లలను ఎంచి, గుర్తు వేసి, అక్కడే ఆ నీళ్ళతోనే పెరగనిచ్చి, అనుమతులన్నీ వచ్చాక తెచ్చుకుంటాం. గుర్తులు వేయడానికి ల్యాబు నుంచి ఒకాయన మా ఊరికి వచ్చి, పోతూ పోతూ బావతో గట్టిగా చెప్పి పోయాడు. "జబ్బు పడితే తీసుకోం. ఒక్కటి పాడైనా మొత్తం రద్దవుతుంది."

నేను మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేదాన్ని. "మీరు తాగే నీళ్ళే వాటికీ తాపండి. ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు."

"ఆ, బాగనే చూసుకుంటున్నాం. నువ్వేం దిగులు పడొద్దు," అనేది అక్క.

అనుమతులకు రెండేళ్ళు దాటింది. ఒక కాగితం మీద సంతకం పడితే ఇంకో కాగితం పాతదయ్యేది. ఈలోగా అక్క పడటం ఎక్కువైంది. ఒకసారి పొయ్యి మీదికే పడబోతే బావ పట్టుకున్నాడు. ఫోన్లో ఆమె తన సంగతి చెప్పేది కాదు, జీవాల సంగతే చెప్పేది. పొట్టేళ్ళు కొమ్ములు తిప్పుకొని భలే ఉన్నాయనేది.

నిజంగానే భలే ఉన్నాయి. లారీ దిగి ల్యాబు ఆవరణలో అడుగుపెట్టిన ఆరు గొర్రెలను చూసి అందరూ మెచ్చుకున్నారు. మొదటిదానికి మత్తిచ్చి, గొట్టం దించడానికి దాని నోరు తెరిచాను. ముందు పళ్ళు తెల్లగా, నున్నగా, ఎక్కడా గీత లేకుండా ఉన్నాయి. మా ఊళ్ళో రెండేళ్ళ గొర్రె నోట్లో అలాంటి పళ్ళు నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూడలేదు. రెండోదాని నోరు చూశాను, మూడోదాని నోరు చూశాను. అన్నీ అంతే.

పెద్దసారుకు చెప్పాను. "పళ్ళు మన సబ్జెక్టు కాదమ్మా," అన్నారు. "వాయువు సిలిండరు తెరిచాం. ఈ రోజు ఆపితే మళ్ళీ యంత్రం మనకు ఎప్పుడు దొరుకుతుందో." చేయి ఆపలేదు ఎవరూ. నేనూ ఆపలేదు, నా చేతిలో ఉన్న పని కాదది. అక్కకు ఫోన్ చేస్తే బావ ఎత్తి, చేరినాయా, బాగున్నాయా అని అడిగి, బోరు మోత వినిపిస్తుంటే పెట్టేశాడు.

కొలిచాం. మా ఊరి గొర్రెల మెదడు నుంచి వాయువు ఎంత త్వరగా ఖాళీ అయిందో, నగరం పక్కన ఫారంలో పెరిగిన గొర్రెల మెదడు నుంచి కూడా అంతే త్వరగా ఖాళీ అయింది. తెర మీద గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొలత అయ్యాక మెదడు కోసి చూడాలి కాబట్టి వాటిని మళ్ళీ లేపలేదు. ఆ ఇంజెక్షన్లు నేనే ఇచ్చాను.

మరుసటి వారం ఊరికి పోయాను. బావ దొడ్లో ఉన్నాడు. గోడకు ఆనించిన పలకరాళ్ళ పక్కన మంద నీళ్ళు తాగే పెద్ద తొట్టి ఉంది. దానికి దూరంగా, రేకు నీడలో, పలకలతోనే కట్టిన ఇంకో చిన్న తొట్టి కనిపించింది. కొత్తది.

"ఇదేంది బావా?"

"మీ ఆరింటికి కట్టింది. వాటిని మందలో కలవనియ్యలే. రెండేండ్లు క్యాను నీళ్ళే. బోరు చుక్క ముట్టనియ్యలేదు," అన్నాడు. ఛాతీ విరుచుకుని అన్నాడు. "పట్నం పొయ్యే జీవాలు. మన ఊరి పేరు పెట్టుకోని పోతాయి. గార పళ్ళతో పంపిస్తామా?"

ట్రాలీ ఆటోలో ప్లాంటు నుంచి వచ్చే ఫిల్టరు నీళ్ళ క్యాను మా ఊళ్ళో అందరికీ తెలుసు. చంటిపిల్లలకు, చుట్టాలకు తప్ప ఇంట్లోవాళ్ళు దాన్ని ముట్టరు.

అక్క గుమ్మంలోకి వచ్చి, మనిషి మొత్తం నా వైపు తిరిగింది.

"మీరు తాగే నీళ్ళే తాపమని చెప్పినా గదక్కా. ఎన్నిసార్లు చెప్పినా?"

"అంటావులే. ఎవరైనా అట్లనే అంటారు," అంది.

అప్పుడు అర్థమైంది నాకు. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా, "ఎందుకులే, మీరు తాగేవే ఇయ్యండి" అంటారు. అది వచ్చినవాళ్ళ మర్యాద. దాన్ని వినిపించుకోకుండా క్యాను వంచడం ఇంటివాళ్ళ మర్యాద. ఆ మాట నిజమనుకుని బోరు నీళ్ళు ఇచ్చిన ఇల్లు ఊళ్ళో ఒక్కటి లేదు. ఇస్తే ఆ ఇంటి గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు. రెండేళ్ళ పాటు నేను ఫోన్లో చెప్పిన మాటను మా అక్క అట్లాగే విన్నది. పైగా జబ్బు పడితే తీసుకోమని ఒకాయన వచ్చి బెదిరించి పోయాడు. తీసుకోకపోతే తన స్కానింగ్ పోతుంది. ఆమె లెక్క ఆమెది, అందులో ఎక్కడా తప్పు లేదు.

"నువ్వు తాగినావా ఆ నీళ్ళు?" అని అడిగాను.

"నాకెందుకు? నేనేమన్నా పట్నం పోతున్నానా?" అంది.

ఆ పూట నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. పెద్దసారుతో మాట్లాడితే ఏదో దారి దొరుకుతుందని ఒక పిచ్చి ఆశ.

తిరిగి వచ్చిన రోజే ఆయనకు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రెండేళ్ళు గొర్రెలకు ఫిల్టరు నీళ్ళా? ఎవరైనా తాపుతారా?" అన్నారు. తాపుతారండీ, మా వాళ్ళు తాపుతారు అన్నాను. మళ్ళీ చేద్దామన్నాను. మళ్ళీ గొర్రెలు, మళ్ళీ అనుమతులు, మళ్ళీ వాయువు అంటూ ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. కనీసం రాసేదాంట్లో నిజం రాయండి అన్నాను. అప్పటికి చిత్తుప్రతిలో ఉన్న వాక్యం, ఆ ప్రాంతపు నీటితో పెరిగిన గొర్రెల మెదడు రక్తప్రసరణలో తేడా కనిపించలేదు అని. ఆయన చాలాసేపు ఆలోచించి 'నీటితో' అన్న మాట కొట్టేసి, ఆ ప్రాంతంలో పెరిగిన గొర్రెలు అని మార్చారు. "ఇప్పుడు అబద్ధం లేదు కదా," అన్నారు.

నిజమే, అబద్ధం లేదు. ఆ వాక్యాన్ని ఎవరు చదివినా మా ఊరి నీళ్ళు తాగి గొర్రెలు దివ్యంగా ఉన్నాయనే అనుకుంటారు. కానీ అబద్ధం మాత్రం లేదు. చదువుకున్నవాళ్ళ చేతివాటం అలా ఉంటుంది. గొర్రెల్లోనే తేడా లేనప్పుడు మనుషులను ఎందుకు కష్టపెట్టడం అని ఆసుపత్రివాళ్ళు తప్పుకున్నారు. కూర్చుని తీసే యంత్రం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా సారు ఇప్పుడు కుందేళ్ళలో నిద్ర మీద పని చేస్తున్నారు. నేను మత్తిస్తున్నాను.

నేను మళ్ళీ ఊరికి పోయేసరికి ఎండలు ముదిరాయి. అక్క మంచం మీద కూర్చుని ఉంది. చేతికి గ్లాసు ఆనడం లేదు, రెండు చేతులతో పట్టుకుంటోంది. బావ మందను తోలుకుని పోయాడు. నన్ను చూడగానే అడిగింది.

"నా తడవ ఎప్పుడంట?"

"లేదక్కా. ఆ మిషను రాదు."

"ఏం? జీవాలు బాగలేవన్న్యారా?"

నాకు కోపం ఆగలేదు. ఎవరి మీద కోపమో కూడా తెలియదు. "బాగున్నాయి! బాగుండటమే మన కొంప ముంచింది," అని అరిచాను. అన్నీ చెప్పేశాను. బోరు నీళ్ళు తాగి గొర్రెలు ఎంత చెడ్డాయో చూపిస్తేనే నీకు స్కానింగ్ అని, మీరు మంచినీళ్ళు తాపి వాటిని బాగుచేసి పంపారని, పట్నం గొర్రెలకూ మన గొర్రెలకూ తేడానే లేదని తేలిందని, అందుకే అంతా ఆపేశారని. చెబుతూ ఉంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవలేదు. వంగిన మెడతో నేలను చూస్తూనే అడిగింది.

"రవ్వంత కూడా తేడా లేదన్న్యారా?"

"లేదు."

"మన గడ్డే మేసినాయి. మన ఎండలోనే తిరిగినాయి."

"అవునక్కా."

"నీళ్ళొకటే గదా మార్చింది మేము?"

"అదొక్కటే."

తల ఎత్తడం కుదరదు కాబట్టి మనిషి మొత్తం వెనక్కి వాలి, నా ముఖం చూసింది.

"అయితే మేము బాగుండాల్సినోళ్ళమే గదమ్మీ," అంది.